వెనక గదిలో జానెడు తేడా

"మోచేయి కాదండీ," అన్నాను, ఆ పూటకి మూడోసారి. "మోచేయి బాగానే ఉందని కోచ్ గారు చెప్పారు."

"ఆవిడ వారానికి ఒక్కరోజు చూస్తుంది. నేను రోజూ చూస్తున్నాను," అన్నారు మా ఆయన. చేతిలో గరిటెని గోల్ఫ్ క్లబ్బులా పట్టుకుని, భోజనాల బల్ల పక్కన నిలబడి, నా మోచేయి ఎలా పోతోందో చూపించబోయారు. గరిటెలో ఉన్న కూర కాస్తా ఎగిరి గోడ గడియారం కింద పడింది. "చూశావా, ఇలా బయటికి పోతోంది. అందుకే బంతి కుడికి వెళ్తోంది."

"కూర కూడా కుడికే వెళ్ళింది నాన్నా," అంది మా అమ్మాయి.

"నడుం," అంది అత్తయ్య, ఎవరి వంకా చూడకుండా. "మొదట్నుంచీ చెబుతున్నాను. ఆ మెలిక తిరగడం యాభై దాటిన నడుముకి పనికిరాదు."

"తిరగాలి నానమ్మా. తిరక్కపోవడమే అమ్మ ప్రాబ్లమ్. నేను వీడియో తీసి స్లో చేసి చూపించానుగా."

"నువ్వు తీసిన వీడియోలో నా వెనక భాగం తప్ప ఇంకేం కనిపించలేదే," అన్నాను.

"అదే తిరగట్లేదని చెబుతున్నాను."

మా అమ్మాయిని ఇంట్లో లాయరు అంటాం. చదివేది లెక్కలే గాని, వాదన దొరికితే అన్నం వద్దు దానికి. మా ఆయన తాపీ మేస్త్రీ. ముప్ఫై ఏళ్ళుగా గోడలు కడుతున్నారు, ఇప్పుడు ఆయన కింద పదిమంది పనిచేస్తారు. అత్తయ్య ఎనభైకి రెండు తక్కువ. ఈ ముగ్గురిలో ఏ ఒక్కరూ జన్మలో గోల్ఫ్ క్లబ్బు పట్టుకుని ఎరగరు. ఈ ముగ్గురూ ఎనిమిది నెలలుగా నా స్వింగు, అంటే నేను బంతి కొట్టే తీరు, బాగుచేస్తున్నారు.

గుడ్డపీలిక తెచ్చి గడియారం కింద గోడ తుడిచాను. తుడుస్తుంటే కూడా వెనక నుంచి మా ఆయన గొంతు వినిపిస్తూనే ఉంది. "ఇప్పుడు చూడు, తుడిచేటప్పుడు మోచేయి ఎంత లోపలికి పెట్టుకుందో. అలా పెట్టుకోమనే నేను చెప్పేది."

నేను పనిచేసేది ఆస్పత్రి లాండ్రీలో. పదహారేళ్ళు నిండాయి. వేడి రోలర్ల మధ్య నుంచి దుప్పటి బయటికి రాగానే ఇద్దరం చెరోవైపు పట్టుకుని మడవాలి. అంచుకి అంచు, మూలకి మూల. ఒక్క మూల వేలెడు జారినా దొంతరలో అది మిగతావాటిని కూడా వంకర చేస్తుంది. అందుకని మా చేతులకి సూటి అంటే ఏమిటో తెలుసు. అలాంటి చేతులు పెట్టుకుని కొడితే బంతి కుడికి పోతుంటే నాకెంత కడుపుమంటగా ఉండేదో ఇంట్లోవాళ్ళకి చెప్పినా అర్థం కాలేదు.

లాండ్రీ వెనక గేటు దాటితే గోల్ఫ్ ప్రాక్టీసు గ్రౌండు. వాళ్ళ తువాళ్ళు కూడా మా దగ్గరే ఉతుకుతాం. నిరుడు తువాళ్ళ బుట్ట ఇవ్వడానికి వెళ్ళినప్పుడు అక్కడి పాత కోచ్ సరదాకి ఒక క్లబ్బు చేతికిచ్చి, ఒకటి కొట్టి చూడండి అన్నాడు. కొట్టాను. మొదటిది గడ్డికి తగిలింది. రెండోది బంతికి తగిలింది. ఆ చప్పుడు ఎలా చెప్పాలో తెలియదు. పొద్దున్నించి సాయంత్రం దాకా మెషీన్ల హోరులో ఉండే నా చెవులకి అంత చిన్న, శుభ్రమైన చప్పుడు వినిపించి ఎన్నాళ్ళయిందో. అలా మొదలైంది.

ఇప్పుడు సంగతి సరదా దాటిపోయింది. ఆస్పత్రుల మధ్య ఏటా పోటీ జరుగుతుంది. మా ఆడవాళ్ళ జట్టులో నలుగురు ఉండాలి. ఇద్దరు నర్సులు, పిల్లల డాక్టరు గారు ఖాయం. నాలుగో చోటు నాకో, ఎక్స్‌రే గదిలో పనిచేసే అమ్మాయికో రావాలి. ఆ నాలుగో పేరు నాది కావాలని నాకు ఎంత ఉందో పైకి ఎవరికీ చెప్పలేదు. లాండ్రీవాళ్ళ పేర్లు ఆస్పత్రి నోటీసు బోర్డు ఎక్కింది ఇప్పటిదాకా ఒక్కసారే. మంటలు రేగితే ఎవరు ఏ మెట్ల మీంచి దిగాలో రాసిన కాగితం మీద.

ఒక ఆదివారం కోచ్ గారు మా ఇద్దర్నీ పిలిచి చూశారు. ఈవిడ కొత్తావిడ, వచ్చి నెలయింది. మాట తక్కువ. వంద మీటర్ల అవతల రెండు తెల్ల జెండాలు పాతించారు, మధ్యలో మూడు గదులు పక్కపక్కన పట్టేటంత చోటు. పది బంతులు. ఎక్స్‌రే అమ్మాయి కొట్టినవాటిలో ఆరు జెండాల మధ్య పడ్డాయి. మిగతా నాలుగూ తలో దిక్కుకి పోయాయి, ఒకటి బెంచీ కిందికి కూడా దూరింది. నావి పదీ కుడివైపు జెండా అవతల పడ్డాయి. పదీ.

క్లబ్బు కింద పెట్టి, ఇంక ఇంటికి పోదామనుకుంటుంటే కోచ్ గారు నడుచుకుంటూ వెళ్ళి నా బంతులు పడ్డచోట నిలబడి చూసి వచ్చారు.

"మీ పదీ ఒక దుప్పటి పరిస్తే దాని కింద పట్టేస్తాయి," అన్నారు.

"తప్పుచోట పడితే ఎక్కడ పడితే ఏముందండీ."

"తేడా ఉంది. స్వింగు పాడైతే బంతి ఇష్టం వచ్చిన చోటికి పోతుంది. మీది ప్రతిసారీ ఒకే చోటికి పోతోంది. అంటే మీకు రాక కాదు. అటు కొట్టడం ఎక్కడో శ్రద్ధగా నేర్చుకున్నారు." ఆవిడ టోపీ తీసి మళ్ళీ పెట్టుకున్నారు. "ఇంట్లో ఎక్కడ నిలబడి కొడతారు?"

"వెనక గదిలో. వల కట్టుకుని."

"పాదాలు ఎలా పెట్టుకుంటారు?"

"నేల మీద టైల్స్ గీత ఉంది. ఆ గీత మీద బొటనవేళ్ళు రెండూ ఆనించి."

"ఒకసారి ఆ గీత చూసుకోండి," అన్నారావిడ. "వచ్చే ఆదివారం మళ్ళీ పది చూస్తాను. ఇద్దరివీ."

ఈ మాట ఇంటికొచ్చి చెబితే మా ఆయన నవ్వారు. "గీతా? ఆ గది నేను కట్టింది. దారం పట్టి చూసుకోమను." ఆ మాట ఆయనకి ఊతపదం. చుట్టాలెవరొచ్చినా వెనక గదిలోకి తీసుకెళ్ళి, గోడ మీద అరచేత్తో ఒక చరుపు చరిచి, దారం పట్టి చూసుకోండి అంటారు. ఎవరూ దారం పట్టరు. టీ తాగి వెళ్ళిపోతారు.

ఆ గది ఆయన ఒంటిచేత్తో కట్టిన మొట్టమొదటి గది. మా అమ్మాయి కడుపులో ఉన్నప్పుడు అత్తయ్య మా దగ్గరికి వచ్చేస్తానంది. అప్పటికి ఆయన ఇంకొకరి కింద పనిచేసే కుర్ర మేస్త్రీ. ఎనిమిది రోజులు సెలవు పెట్టి, ఇంటి వెనక ఉన్న జాగాలో అటూ ఇటూ రెండు పొడుగు గోడలు లేపి, అత్తయ్య వచ్చే రోజుకి పైకప్పు వేసేశారు. ఇరవయ్యొక్కేళ్ళ నాటి మాట. మోకాళ్ళ నొప్పులొచ్చి రెండు మెట్లు దిగలేక అత్తయ్య ముందు గదిలోకి మారాక ఆ గది ఖాళీ అయింది. అందులో ఒక బీరువా, ఒక కుట్టుమిషను, నేను.

సోమవారం షిఫ్టు అయ్యాక ఇంటికొచ్చి, టీ కూడా పెట్టుకోకుండా వెనక గదిలోకి వెళ్ళాను. ఎదురుగా కిటికీ. కిటికీకి వల. వల మధ్యలో ఎర్ర గుడ్డముక్క, అదే నా గుర్తు. అవన్నీ కట్టింది మా ఆయనే. తలుపు మధ్య నుంచి కిటికీ మధ్యకి కొలిచి, బంతి పెట్టే చోట సుద్దతో చుక్క కూడా ఆయనే పెట్టారు. చుక్క సరిగ్గానే ఉంది. గుర్తూ సరిగ్గానే ఉంది. మరి గీత?

కొలబద్దలూ మూలమట్టాలూ ఆయన పనిసంచీలో ఉంటాయి, సంచీ ఆయనతో ఉంటుంది. నాకు తెలిసిన మూలమట్టం ఒకటే. అలమరలోంచి పెద్ద దుప్పటి తీసి, నాలుగు మూలలూ కలిపి చూశాను. కలిశాయి. పొడుగ్గా మధ్యకి మడిచి, ఒక కొస కిటికీ కింద గోడకి ఆనించి, నేల మీద పరిచాను. కిటికీ ఉన్నది ఆయన కట్టకముందే అక్కడున్న పాత గోడ, దాంతో తకరారు లేదు. దుప్పటి అంచు గోడ దగ్గర ఒక టైల్స్ గీత మీద మొదలైంది. మోకాళ్ళ మీద దాని వెంటే పాకుతూ వచ్చాను. మూడడుగులు వచ్చేసరికి గీతకీ అంచుకీ మధ్య నాలుగు వేళ్ళు పట్టాయి. ఆరడుగులకి ఎనిమిది వేళ్ళయింది. తొమ్మిదడుగుల దుప్పటి అయిపోయేచోట చెయ్యి పరిస్తే దాదాపు జానెడు ఉంది.

దుప్పటి తిరగేసి మళ్ళీ పరిచాను. మళ్ళీ అంతే.

టైల్స్ వేసినవాడు గోడ వెంబడి వేసుకుంటూ పోయాడు. గోడ పక్కకి పోయింది కాబట్టి గీతలు కూడా దానితోపాటే పోయాయి. ఆ గీత మీద నిలబడితే నా ఒళ్ళు చూసేది ఎర్ర గుర్తుని కాదు, దానికి ఎడమపక్కని. అయినా గుర్తుకే తగలాలి గనక నా చేతులు ప్రతిసారీ బంతిని కుడికి తోశాయి. రోజుకి వంద బంతులు. ఎనిమిది నెలలు. గ్రౌండులో పాదాలు తిన్నగా పెట్టుకున్నా చేతులు మాత్రం ఇంటి లెక్కనే కొడుతున్నాయి.

అలా నేల మీదే కూర్చుండిపోయాను. పాత కోచ్ క్లబ్బు మీద నా పట్టు మూడుసార్లు మార్పించాడు. మణికట్టుకి పట్టీ కట్టుకున్నాను. లాయరు మాట విని నడుం తిప్పి, నాలుగు రోజులు కుర్చీలోంచి లేవడానికి బల్ల పట్టుకున్నాను. మా ఆయన మాట విని చంకలో తువాలు ఇరికించుకుని నెల రోజులు కొట్టాను.

"కనిపించిందా," అంది తలుపు దగ్గర నుంచి అత్తయ్య. మెట్లు దిగకుండా పైనే నిలబడి ఉంది.

"మీకు తెలుసా?"

"ఈ గదిలో పదమూడేళ్ళు పడుకున్నదాన్ని. మంచం మూలకి జరిపితే కాళ్ళ దగ్గర గోడకి ఆనేది, తల దగ్గర పిల్లి దూరేంత సందు. తలగడ అందులో పడిపోయేది." గొంతు తగ్గించింది. "బీరువా వెనక చూడు."

చూశాను. బీరువా గది మధ్యకి తిరిగినట్టు కనిపించకుండా ఒక పక్క వెనకాల అట్టముక్కలు మడిచి కుక్కి ఉన్నాయి. నేనే కుక్కాను, చాలా ఏళ్ళ క్రితం, అది కిటికీకి ఎదురుగా తిన్నగా ఉండడానికి. చాప ఒక పక్క కోసిందీ నేనే. పైకప్పుకి రంగు వేసినతను వచ్చి, ఈ మూలేంటి ఇలా ఉంది అంటే నోటి మీద వేలు పెట్టుకుని చూపించిందీ నేనే. అన్నీ చేశాను. అన్నీ కలిపి ఒక్కసారి కూడా ఆలోచించలేదు.

"వాడికి చెప్పకే అమ్మాయ్," అంది అత్తయ్య. "నా కోసం కట్టాడు."

"మరి నాకైనా చెప్పాలిగా అత్తయ్యా. నడుం నడుం అని చంపారు గాని, గోడ అని ఒక్కసారైనా అన్నారా?"

"గోడకీ బంతికీ సంబంధం ఏమిటో నాకేం తెలుసు," అంది. "నడుం సంగతి తెలుసు కాబట్టి నడుం అన్నాను."

కాలేజీ నుంచి వచ్చాక లాయరుని అడిగాను. దానికీ తెలుసట. పదో తరగతిలో గది వైశాల్యం కొలిచి రమ్మంటే ఈ గదే కొలిచిందట. రెండు కొసల్లో వెడల్పు వేరువేరుగా వస్తే, నాన్న బాధపడతాడని ముందు గది కొలతలు రాసుకుని వెళ్ళిందట. నా స్వింగుని స్లో చేసి, ఆపి, గీతలు గీసి చూపించిన పిల్ల.

"నువ్వు అడగలేదుగా అమ్మా," అంది.

నల్ల టేపు తెచ్చి, దుప్పటి అంచుని పట్టుకుని, టైల్స్ గీతల్ని అడ్డంగా కోసుకుంటూ నేల మీద పొడుగ్గా అంటించాను. దాని మీద పాదాలు పెట్టి నిలబడితే ఒళ్ళు తిరిగినట్టయింది. ఎర్ర గుర్తు ఉన్న చోటే ఉంది, నేను మాత్రం దానికి కుడిగా తిరిగి నిలబడ్డట్టు అనిపించింది. మొదటి బంతి వల దాటి కుట్టుమిషనుకి తగిలింది.

దీపాలు పెట్టే వేళకి మా ఆయన వచ్చారు. కాళ్ళు కడుక్కుని, తుడుచుకుంటూ తలుపు దగ్గర నిలబడి కాసేపు చూశారు.

"టేపు వంకరగా వేశావు," అన్నారు.

నేను క్లబ్బు దింపాను. చెప్పకూడదనే అనుకున్నాను. కాని ఎనిమిది నెలల మోచేయి నా గొంతులోకి వచ్చి కూర్చుంది.

"టేపు వంకర కాదండీ."

ఆయన టేపు చూశారు. గోడ వంక చూడలేదు. ముప్ఫై ఏళ్ళు గోడలు కట్టిన మనిషి, ఎదురుగా ఉన్న గోడ వంక చూడకుండా తువాలుతో చేతివేళ్ళు ఒక్కొక్కటీ తుడుచుకున్నారు. అప్పుడర్థమైంది నాకు.

"మీకు తెలుసు," అన్నాను.

"పైకప్పు వేసిన రోజే తెలిసింది," అన్నారు. "పక్కింటి ప్రహరీ సూటిగా ఉందనుకుని దాన్ని పట్టుకుని పోయాను. కంగారులో కొలవలేదు. పడగొడదామంటే మర్నాడు పొద్దున్నే అమ్మ వచ్చేస్తోంది." తువాలు భుజం మీద వేసుకున్నారు. "ఎవరూ ఏమీ అనలేదు. ఎవరికీ కనిపించలేదనుకున్నాను."

"మరి వచ్చినవాళ్ళందరితో దారం పట్టి చూసుకోండని ఎందుకంటారు?"

"అలా అంటే ఎవరూ చూడరు."

నాకు నవ్వూ రాలేదు, ఏడుపూ రాలేదు. "మరి నాకు ఎనిమిది నెలలు మోచేయి మోచేయి అని చెప్పారేమండీ? గీత మీద నిలబడుతున్నానని మీకు కనిపిస్తూనే ఉందిగా?"

"నాకేం తెలుసు? నేను గోడలు కట్టేవాణ్ణి. బంతులు కొట్టేవాణ్ణా?"

"ఆ మాట ఎనిమిది నెలల కిందట అనాల్సింది," అన్నాను.

ఆ రాత్రి భోజనాల దగ్గర మోచేయి ఊసు రాలేదు. కాని అత్తయ్య, కొడుకు ముఖం చూసి, వాడేదో దిగులుగా ఉన్నాడు, నువ్వేమైనా అన్నావా అని నన్నే అడిగింది.

మిగిలిన ఐదు రోజులూ టేపు మీద నిలబడి కొట్టాను. బంతులు కుట్టుమిషనుకి తగిలాయి, బీరువాకి తగిలాయి, గోడకి కొట్టుకుని తిరిగొచ్చి తలుపు తీసిన లాయరుకి తగిలాయి. శుక్రవారానికి కొన్ని ఎర్ర గుర్తుకి తగలడం మొదలైంది. లాండ్రీలో నాతో దుప్పట్లు మడిచే పిల్ల, "అక్కా, రెండు రోజుల్నించి నువ్వు దుప్పటి ఎడమకి లాగుతున్నావు" అంది. నాలుక కరుచుకుని సరిచేసుకున్నాను.

ఆదివారం పొద్దున జెండాలు అక్కడే ఉన్నాయి. ముందు ఎక్స్‌రే అమ్మాయి కొట్టింది. ఏడు మధ్యలో పడ్డాయి. తరవాత నేను. మొదటి బంతి కుడికి. రెండోది కుడికి. చేతులకి ఎంత చెప్పినా వినిపించుకోవే. మూడు, నాలుగు, ఐదు కూడా అటే పోయాయి. ఆరో బంతి పెట్టాక కళ్ళు మూసుకుని, నేల మీద దుప్పటి పరిచినట్టు, దాని అంచు నా బొటనవేళ్ళ ముందు నుంచి జెండాల దాకా వెళ్తున్నట్టు అనుకున్నాను. కళ్ళు తెరిచి కొట్టాను. చిన్న, శుభ్రమైన చప్పుడు. బంతి రెండు జెండాల మధ్యగా వెళ్ళి పడింది. దాని వెనకే మిగతా నాలుగూ.

"ఐదు," అన్నారు కోచ్ గారు.

"తెలుసండీ."

"చివరి ఐదూ ఒక దుప్పటి కింద పడతాయి." పుస్తకంలో ఎక్స్‌రే అమ్మాయి పేరు రాసి మూశారు. "పాత అలవాటు పోవడానికి నాలుగు నెలలు పడుతుంది. తరవాతి పోటీకి మళ్ళీ చూస్తాను. కాని గదిలో వద్దు. ఇక్కడికి రండి. పొద్దున ఆరింటికి గేటు తీస్తాను."

ఎక్స్‌రే అమ్మాయి చెయ్యి కలిపి, "మీ చివరివి చూస్తే భయమేసిందండీ" అంది. మంచి పిల్ల. కోపం తెచ్చుకోవడానికి కూడా వీల్లేకుండా చేసింది.

ఇంటికి వచ్చేసరికి ముగ్గురూ భోజనాల బల్ల దగ్గర కూర్చుని ఉన్నారు. నా ముఖం చూసి లాయరు నీళ్ళ గ్లాసు ముందుకి జరిపింది.

"పోనీలే," అంది అత్తయ్య. "నడుమైనా మిగిలింది."

"లేజర్ లైటు ఒకటి కొందాం అమ్మా," అంది లాయరు. "నేల మీద సూటిగా గీత వేస్తుంది, టేపు అక్కర్లేదు."

మా ఆయన గొంతు సవరించుకున్నారు. ఈ వారమంతా ఆయన ఎక్కువ మాట్లాడలేదు. "వచ్చే నెల పని కాస్త తక్కువ. ఆ గోడ పడగొట్టి మళ్ళీ కడతాను. ఈసారి కొలిచి." అని, తల్లి వైపు చూసి, "అది వంకర, అమ్మా. మొదట్నుంచీ" అన్నారు.

"అవునా," అంది అత్తయ్య, అప్పుడే విన్నట్టు.

ముగ్గురూ ఒకేసారి మొదలుపెట్టారు. ఇటుకలు ఎన్ని పడతాయి, టైల్స్ ఏం చేయాలి, బీరువా ఎక్కడ పెట్టాలి, గోడ సూటిగా వచ్చాక వల ఎటువైపు కడితే నా స్వింగు బాగుంటుంది. నేను కంచంలో వడ్డించుకున్నాను. కూర వేసుకున్నాను. మాటల మధ్య కాస్త సందు దొరికేదాకా ఆగాను.

"గోడ అలాగే ఉండనివ్వండి," అన్నాను. "గట్టి గోడ. అత్తయ్య పదమూడేళ్ళు ఉన్న గది."

మా ఆయన నా వైపు చూశారు.

"వల మధ్యాహ్నం విప్పేస్తాను. రేపట్నుంచి వారానికి నాలుగు రోజులు పొద్దున ఆరింటికి గ్రౌండుకి వెళ్తున్నాను. లాండ్రీలో మధ్యాహ్నం షిఫ్టుకి మారాను, వచ్చేటప్పుడే సూపర్‌వైజరుతో మాట్లాడేశాను. ఆ నాలుగు రోజులూ పొద్దుటి వంట మీరు ముగ్గురూ చూసుకోండి. సాయంత్రం వంట," అని లాయరు వైపు తిరిగి, "నువ్వూ మీ నాన్నా. ఇంకొకటి. నా స్వింగు గురించి ఈ ఇంట్లో ఇక ఎవరూ మాట్లాడొద్దు."

అత్తయ్య కూర గిన్నె నా వైపు జరిపింది. మా ఆయన గరిటె చేతిలోకి తీసుకుని, మోచేయి ఒంటికి దగ్గరగా పెట్టుకుని, నా కంచంలో ఇంకాస్త వడ్డించారు.